చికడీల సరిహద్దులో ఒక శీతాకాలం: చిన్న పక్షుల గుర్తింపు ప్రాజెక్టు డైరీ

అక్టోబరు, చివరి వారం

మేము ఉంటున్నది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని చెస్టర్ కౌంటీలో. ఇక్కడి పెరళ్లలో ఏడాది పొడవునా తిరిగే అతి చిన్న పక్షుల్లో కరోలినా చికడీ ఒకటి. ఇక్కడి నుంచి ఉత్తరంగా రెడింగ్ నగరం మీదుగా వెళ్లి, బ్లూ మౌంటెన్ కొండల వరుసను కూడా దాటిన తరువాత కనిపించేది బ్లాక్‌క్యాప్డ్ చికడీ. రెండింటికీ తలపై నల్లని టోపీ, గొంతు కింద నల్లని మచ్చ, తెల్లని చెంపలు, బూడిదరంగు వీపు ఉంటాయి. ఈ రెండు జాతుల నివాసాలు కలిసే చోట, కాన్సస్ నుంచి న్యూజెర్సీ వరకు సన్నగా సాగే ప్రాంతంలో, ఇవి పరస్పరం జతకట్టి సంకర సంతానాన్ని కంటాయి. ఆ ప్రాంతంలో ఒక భాగం మా ఇంటికి ఉత్తరాన, కారులో సులభంగా వెళ్లి రాగలిగిన దూరంలోనే ఉంది.

ఈ శీతాకాలమంతా చేయదలచిన పని రెండు విధాలు. మొదటిది, మా పెరట్లోని మేత తొట్టి దగ్గరకు వచ్చే చిన్న పక్షులన్నింటికీ ఫొటోలు, కూతల రికార్డింగులు, తెలుగు వివరణలతో ఒక గుర్తింపు దస్త్రం తయారుచేసి, మా ఆదివారపు తెలుగు తరగతికి వచ్చే కుటుంబాలకు ఇవ్వడం. రెండవది, ఇంటి దగ్గర, రెడింగ్ పక్కనున్న నోల్డె అడవిలో, హాక్ మౌంటెన్ అభయారణ్యంలో కనిపించే చికడీలను ఒకే పద్ధతిలో నమోదు చేసి, ఎక్కడ ఏ జాతి పేరును నమ్మకంగా రాయవచ్చునో తేల్చుకోవడం. ఇందుకు ఒక నియమం పెట్టుకున్నాను. రెక్క, చెంప, తోక, ఈ మూడూ ఒకే ఫొటోలో ఒకే జాతి వైపు మొగ్గితేనే ఆ జాతి పేరు రాయాలి. అలా కాకపోతే, పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్ జాబితాలో ఇలాంటి సందర్భాల కోసమే ఉంచిన ‘కరోలినా/బ్లాక్‌క్యాప్డ్’ అనే ఉమ్మడి పేరు కిందనే నమోదు చేయాలి.

పని అక్టోబరులోనే మొదలుపెట్టడానికి కారణం ఈకలు. చికడీలు గూడు పనులు ముగిశాక వేసవి చివరలో పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతాయి. కనుక శరదృతువులో ఈకల అంచులు చెక్కుచెదరకుండా ఉంటాయి. బ్లాక్‌క్యాప్డ్ రెక్కపై ఉండే తెల్లని అంచులే దాని ప్రధాన లక్షణం. వసంతం దాటేసరికి గూటి రంధ్రాలలో దూరి, కొమ్మలకు రాసుకొని ఆ అంచులు అరిగిపోతాయి. అప్పుడది కరోలినా లాగానే కనిపిస్తుంది. జూన్‌లో తీసిన ఫొటోతో ఈ రెండింటినీ విడదీయబూనడం వృథా శ్రమ అని నా అభిప్రాయం.

నవంబరు, మొదటి వారం

మేత తొట్టి ఏర్పాటు పూర్తయింది. నిలువు గొట్టం ఆకారంలోని తొట్టిలో నల్ల పొద్దుతిరుగుడు గింజలు, పక్కనే తీగ పంజరంలో కొవ్వు దిమ్మ, నేల మీద జల్లడానికి తెల్ల జొన్న కంటే సన్నని మిల్లెట్ గింజలు సిద్ధం చేశాము. తొట్టిని వంటగది కిటికీకి మూడడుగుల లోపే వేలాడదీశాను. అంత దగ్గరగా ఉంటే, బెదిరి ఎగిరే పక్షికి అద్దాన్ని బలంగా ఢీకొనేంత వేగం అందదు. పదిహేను, ఇరవై అడుగుల దూరమే ప్రమాదకరం. ఉడుతలు ఎక్కకుండా స్తంభానికి గరాటు ఆకారపు రేకు బిగించాము.

ఈ ఏర్పాటులో నాకు అన్నింటికంటే ఉపయోగపడిన వస్తువు ఒక కర్ర. వేలి లావు ఉన్న గుండ్రని చెక్క కర్రపై సెంటీమీటరుకు ఒక గీత చొప్పున నల్ల సిరాతో గీసి, తొట్టికి పక్కగా, కెమెరాకు అడ్డంగా ఉండేట్లు అమర్చాను. చికడీ తొట్టి మీద కూర్చొని తినే పక్షి కాదు. ఒక గింజను ముక్కుతో అందుకొని పక్క కొమ్మకు ఎగిరి, గింజను కాళ్ల కింద అదిమిపట్టి, ముక్కుతో పొడిచి పెంకు పగలగొడుతుంది. ఆ కొద్ది క్షణాలు అది దాదాపు ఒకేచోట ఉంటుంది. గీతల కర్రనే ఆ కొమ్మగా వాడుకుంటే ఫొటోలో తోక పొడవును, మడిచిన రెక్క పొడవును పక్కపక్కన పోల్చుకోవచ్చు. బ్లాక్‌క్యాప్డ్ మొత్తం పొడవు 12 నుంచి 15 సెంటీమీటర్లు, కరోలినాది 10 నుంచి 12 వరకు. అయితే ఈ అంకెల కంటే, రెక్కతో పోలిస్తే తోక ఎంత పొడవుగా ఉందనేదే నమ్మదగిన గుర్తు. బ్లాక్‌క్యాప్డ్ తోక దామాషాలో పొడవు.

నవంబరు, మూడవ వారం

మా పెరటి చికడీలు ఇప్పటివరకు అన్నీ కరోలినా లక్షణాలనే చూపుతున్నాయి. ఒక ఫొటోను వివరంగా నమోదు చేస్తున్నాను, ఎందుకంటే ముందు ముందు వచ్చే ఫొటోలకు ఇదే కొలమానం. మబ్బు పట్టిన ఉదయం, పక్షి ఎడమ పక్క పూర్తిగా కనిపిస్తున్నది. ముక్కు దగ్గర చెంప తెల్లగానే ఉంది, కానీ మెడ వైపు వెళ్లేకొద్దీ ఆ తెలుపు మసకబారి లేత బూడిదరంగులో కలిసిపోయింది. భుజం కింద వరుసగా ఉండే ఈకలకు అంచులు బూడిదరంగువే తప్ప తెల్లనివి కావు. రెక్క దిగువ భాగంలో, మడిచినప్పుడు పొడవుగా కనిపించే ఈకల అంచుల్లో మాత్రం సన్నని వెలిసిన గీత ఉంది. గొంతు కింది నల్ల మచ్చ అడుగు అంచు తిన్నగా, కత్తిరించినట్లు ముగిసింది. డొక్కలపై లేత పసుపు గోధుమ ఛాయ చాలా తక్కువ.

బ్లాక్‌క్యాప్డ్ అయితే భుజం కింద ఈకల అంచులు, రెక్క దిగువ ఈకల అంచులు రెండూ తెల్లగా ఉండి, కలిసి హాకీ కర్ర ఆకారంలో కనిపించాలి. చెంప మెడ దాకా తెల్లగా ఉండాలి. గొంతు మచ్చ అడుగు అంచు చెదిరినట్లుండాలి. డొక్కలపై గోధుమ ఛాయ స్పష్టంగా కనిపించాలి.

గొంతు మచ్చను మూడు ప్రధాన లక్షణాల్లో చేర్చకపోవడానికి కారణం ఇక్కడే రాయడం మంచిది. చలికి పక్షి ఈకలు ఉబ్బించినప్పుడు, తల పక్కకు తిప్పినప్పుడు ఆ మచ్చ ఆకారం మారిపోతుంది. ఒకే పక్షి వరుస ఫొటోలలో అది ఒకసారి తిన్నగా, మరొకసారి చెదిరి కనిపించింది. ఎండ విషయం కూడా అంతే ముఖ్యం. నేరుగా ఎండ పడినప్పుడు బూడిదరంగు అంచులు తెల్లగా మెరుస్తాయి. కాబట్టి రెక్క రంగును నిర్ణయించే ఫొటోలు మబ్బు వేళల్లోనో నీడలోనో తీసినవే తీసుకుంటున్నాను.

డిసెంబరు, మొదటి వారం

దస్త్రంలో చికడీలు కాని పక్షుల పేజీలు వేగంగా నిండుతున్నాయి. శీతాకాలంలో ఇక్కడి చిన్న పక్షులు జాతి భేదం లేకుండా గుంపులుగా తిరుగుతాయి. ఆ గుంపుకు ముందు నడిచేవి చికడీలు, టఫ్టెడ్ టిట్‌మౌస్‌లు. చికడీ కూత వినబడితే మిగిలినవాటి కోసం ఎదురు చూడవచ్చు. టిట్‌మౌస్ తలపై కుచ్చు, పెద్ద నల్లని కళ్లు, డొక్కల నారింజ ఛాయ వల్ల దానికి వేరే పరీక్ష అక్కరలేదు. వైట్ బ్రెస్టెడ్ నట్‌హ్యాచ్ తలకిందులుగా చెట్టు మాను దిగుతుంది. బ్రౌన్ క్రీపర్ అందుకు విరుద్ధంగా మాను మొదలు నుంచి చుట్టూ తిరుగుతూ పైకి ఎక్కి, పక్క చెట్టు మొదట్లోకి ఎగిరి మళ్లీ ఎక్కడం ప్రారంభిస్తుంది. ఈ రెండింటినీ రంగు చూడకుండానే, దూరం నుంచే నడకను బట్టి చెప్పవచ్చు. నేల మీద మిల్లెట్ ఏరుకునే జంకోలు ఎగిరినప్పుడు తోకకు రెండు వైపులా తెల్లని ఈకలు మెరుస్తాయి.

అసలు కష్టమంతా ఫించ్‌ల దగ్గర ఉంది. హౌస్ ఫించ్ పశ్చిమ రాష్ట్రాల పక్షి. పంజరాల్లో అమ్మకానికి తెచ్చినవాటిని 1940 ప్రాంతంలో న్యూయార్క్ పరిసరాల్లో వదిలివేయగా అవి తూర్పు తీరమంతా వ్యాపించాయి. పర్పుల్ ఫించ్ ఉత్తరాది అడవుల నుంచి కొన్ని శీతాకాలాల్లో మాత్రమే దిగి వస్తుంది. మగవాటిలో హౌస్ ఫించ్‌కు ఎరుపు నుదుటికి, గొంతుకు, రొమ్ముకు పరిమితమై, డొక్కలపై గోధుమరంగు చారలు స్పష్టంగా ఉంటాయి. పర్పుల్ ఫించ్‌కు తల నుంచి వీపు దాకా ద్రాక్ష రసంలో ముంచి తీసినట్లు ఎరుపు పాకి ఉంటుంది. ఆడవాటిలో గుర్తు ఇంకా తేలిక. ఆడ పర్పుల్ ఫించ్ కంటి పైన వెడల్పైన తెల్లని కనుబొమ గీత ఉంటుంది. ఆడ హౌస్ ఫించ్ ముఖం ఏ గీతా లేకుండా సాదాగా ఉంటుంది. చలికాలపు గోల్డ్‌ఫించ్‌ను పైన్ సిస్కిన్‌తో పోల్చే పేజీ కూడా తయారైంది. చారలు లేని రొమ్ము, నల్లని రెక్కపై వెలిసిన పట్టీలు ఉంటే గోల్డ్‌ఫించ్. ఒళ్లంతా చారలు, సన్నని ముక్కు, రెక్కలో పసుపు మెరుపు ఉంటే సిస్కిన్.

హౌస్ ఫించ్‌లు వచ్చే తొట్టిని శుభ్రంగా ఉంచడం తప్పనిసరి. ఈ పక్షుల కళ్లు వాచి మూసుకుపోయే అంటువ్యాధి ఒకటి 1994లో వాషింగ్టన్ నగర పరిసరాల్లో మొదటిసారి బయటపడి తూర్పు ప్రాంతమంతా పాకింది. దానికి కారణం మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి. రెండు వారాలకు ఒకసారి తొట్టిని విప్పి, పలుచని బ్లీచ్ నీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే మళ్లీ గింజలు పోస్తున్నాము. కళ్లు వాచిన పక్షి ఒక్కటి కనిపించినా తొట్టిని కొన్నాళ్లు దించివేయాలని దస్త్రంలో మొదటి పేజీలోనే రాశాను.

డిసెంబరు, సెలవుల వారం

నోల్డె అడవి. ఇది సహజంగా పెరిగిన అడవి కాదు. రెడింగ్‌లో మేజోళ్ల మిల్లు నడిపిన జేకబ్ నోల్డె అనే పారిశ్రామికవేత్త ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాల్లో బీడు భూముల్లో స్ప్రూస్, పైన్ వంటి సూదాకుల చెట్లను పెద్ద ఎత్తున నాటించాడు. అందువల్ల చుట్టుపక్కల ఆకురాల్చే అడవుల్లో అంతగా కనిపించని పక్షులు ఇక్కడ దొరుకుతాయి. స్ప్రూస్ కొమ్మల చివర్లలో గోల్డెన్ క్రౌన్డ్ కింగ్లెట్లు కనిపించాయి. ఒక్కొక్కటి ఐదారు గ్రాముల బరువే ఉండే ఈ పక్షి నడినెత్తిన పసుపు గీత, దానికి ఇరువైపులా నలుపు, కంటి పైన తెలుపు ఉంటాయి. దీని దగ్గరి చుట్టమైన రూబీ క్రౌన్డ్ కింగ్లెట్ ముఖంపై ఏ గీతా ఉండదు, కంటి చుట్టూ విరిగిన తెల్లని వలయం ఉంటుంది, నిలకడ లేకుండా రెక్కలు విదిలిస్తూ ఉంటుంది. నోరు మూసుకొని నిలబడితే ఈ రెండూ చేతికి అందేంత ఎత్తు కొమ్మల దాకా దిగుతాయి. వాటి కూత మాత్రం చెవికి అందీ అందనంత సన్నగా ఉంటుంది.

ఇక్కడి చికడీల ముందు నా నియమానికి అసలు పరీక్ష ఎదురైంది. విలనోవా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ కరీ బృందం ఏళ్ల తరబడి చికడీలను పట్టి, కాళ్లకు వలయాలు తొడిగి పరిశీలించిన చోట్లలో ఇది ఒకటి. వారితో కలిసి కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000-2002 మధ్య, తిరిగి 2010-2012 మధ్య సేకరించిన రక్త నమూనాల జన్యువులను పోల్చి, ఈ సంకర ప్రాంతం దశాబ్ద కాలంలో సుమారు 11.5 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిందని 2014లో ప్రచురించారు. శీతాకాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 14 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండే చోటే ఈ ప్రాంతం ఉంటున్నదనీ, చలి తగ్గేకొద్దీ కరోలినా చికడీ ఉత్తరానికి పోతున్నదనీ వారు చూపించారు. నేను నిలబడిన చెట్ల కిందనే ఈ మార్పు జరిగిందని తలచుకుంటే, ప్రతి ఫొటో వెనుక తేదీని, స్థలాన్ని సరిగా రాయడం ఎంత అవసరమో తెలుస్తుంది.

కూడా వచ్చిన మా అమ్మాయి నోటు పుస్తకం పట్టుకొని, బైనాక్యులర్ దించకుండానే, ‘‘నాన్నా, దీనికి రెక్క మీద గీత తెల్లగానే ఉంది, కానీ చెంప వెనక బూడిదగా ఉంది. ఏ గడిలో రాయను?’’ అని అడిగింది.

‘‘ఉమ్మడి గడిలో రాయమ్మా, పక్కన రెక్క తెలుపు, చెంప బూడిద అని రాసిపెట్టు’’ అన్నాను.

నోల్డె పేజీలో ఉమ్మడి గడే అన్నింటికంటే నిండుగా ఉంది. దీన్ని నేను లోపంగా భావించడం లేదు. అక్కడి పక్షి నిజంగానే రెండు జాతుల సంతానం అయి ఉండవచ్చు, అప్పుడు ఏ ఒక్క పేరు రాసినా అది అబద్ధమే అవుతుంది. సంకరం అని కూడా ఫొటోను బట్టి నిర్ధారించలేము, అది రక్త పరీక్షతో తేలవలసిన విషయం.

జనవరి, రెండవ వారం

ఈ వారం రాత్రులు గడ్డకట్టే చలి. ఇలాంటి రాత్రుల్లో బ్లాక్‌క్యాప్డ్ చికడీ తన శరీర ఉష్ణోగ్రతను పగటి కంటే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ వరకు తగ్గించుకొని, కొవ్వును పొదుపుగా ఖర్చు చేస్తుంది. పగలు దాచిన గింజలను అది తిరిగి వెతికి పట్టగలదు. ఈ జ్ఞాపకశక్తికీ సంకర సంతానానికీ సంబంధం ఉంది. లీహై విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, సంకర చికడీలు ఆహారం ఉన్న చోటును గుర్తుపెట్టుకోవడంలోను, కొత్త చిక్కును విప్పడంలోను రెండు అసలు జాతుల కంటే వెనుకబడ్డాయి. రెండు జాతులూ కలిసిపోకుండా విడిగా నిలవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చని వారి వాదన. తొట్టి దగ్గర గింజ అందుకొని బెరడు పగుళ్లలో దాచుతున్న పక్షిని చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తుకు వస్తున్నది.

తొట్టి దగ్గర ఒక డేగ వాలింది. పొట్టి రెక్కలు, చదునైన తోక చివర చూస్తే షార్ప్ షిన్డ్ హాక్ అనిపించింది. పొదల నుంచి చికడీల ‘డీ డీ డీ’ కూతలు మొదలయ్యాయి. ఈ కూతల గురించి మొంటానాలో క్రిస్టొఫర్ టెంపుల్టన్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధం. పెద్దదైన గ్రేట్ హార్న్‌డ్ గుడ్లగూబ కంటే, చురుకుగా తిరిగి చికడీలను పట్టగలిగే చిన్న పిగ్మీ గుడ్లగూబను చూసినప్పుడు అవి చివరి ‘డీ’ని ఎక్కువసార్లు పలికాయని అందులో తేలింది. మా రికార్డింగులో డేగ వాలి ఉన్నంతసేపూ ‘డీ’లు పొడవుగా సాగాయి, అది వెళ్లాక తగ్గాయి. నట్‌హ్యాచ్‌లు కూడా ఈ కూతను విని అప్రమత్తమవుతాయి.

ఫిబ్రవరి, మూడవ వారం

పాటలు మొదలయ్యాయి. బ్లాక్‌క్యాప్డ్ పాట రెండు స్వరాలది, మొదటిది ఎక్కువ స్థాయిలో, రెండవది కొద్దిగా తక్కువ స్థాయిలో, ఈల వేసినంత తేటగా ఉంటుంది. కరోలినా పాట సాధారణంగా నాలుగు స్వరాలది, ఎత్తు, దిగువ, ఎత్తు, దిగువగా సాగుతుంది. రికార్డింగులను ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, స్వరాల ఎత్తును గీతలుగా చూపే చిత్రంగా (స్పెక్ట్రోగ్రామ్) మార్చి చూస్తున్నాము. హాక్ మౌంటెన్‌కు ఉత్తరాన రికార్డు చేసిన పాటలో మొదటి స్వరం 4 కిలోహెర్ట్జ్ దగ్గర అడ్డ గీతగా, రెండవది దానికి కొంచెం కిందగా కనిపించింది. పెరటి రికార్డింగులో ఎత్తు స్వరాలు అంతకంటే చాలా పైన ఉన్నాయి. ‘చికడీ’ అనే మామూలు కూత కూడా కరోలినాది వేగంగా, సన్నగా ఉంటుంది.

పాట విని పేరు రాయవచ్చుననిపించడం సహజమే. కానీ చికడీ పాట పుట్టుకతో వచ్చేది కాదు, పిల్ల పక్షి చుట్టూ ఉన్న పెద్ద పక్షుల నుంచి నేర్చుకునేది. సంకర ప్రాంతంలో ఒక జాతి పక్షి మరొక జాతి పాటను, ఒక్కోసారి రెండింటినీ పాడుతుంది. నోల్డెలో రికార్డు చేసిన ఒక పక్షి నాలుగు స్వరాల పాట మధ్యలో రెండు స్వరాల పాటను పాడింది. కూతను విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ వాటికి ఒకదాని తరువాత ఒకటిగా రెండు పేర్లూ చూపింది. అది యాప్ దోషం కాదు, విన్న పాటకు అది సరైన జవాబే చెప్పింది. అయితే పాడిన పక్షి జాతి ఏదనే ప్రశ్న అలాగే ఉంది. అందుకే పాటను దస్త్రంలో విడి వరుసలో రాస్తున్నాము, దాన్ని బట్టి జాతి పేరు మార్చడం లేదు. సంకర ప్రాంతానికి దూరంగా ఉండేవారికి ఈ జాగ్రత్త అక్కరలేదు. డాలస్‌లో ఉన్నవారికి కనిపించేది కరోలినా ఒక్కటే. సియాటిల్‌లో బ్లాక్‌క్యాప్డ్‌తో పాటు ఉండే చెస్ట్‌నట్ బ్యాక్డ్ చికడీ ముదురు ఇటుకరంగు వీపు వల్ల తేలికగా తెలుస్తుంది. డెన్వర్ పక్క కొండల్లోని మౌంటెన్ చికడీకి కంటి పైన తెల్లని గీత ఉంటుంది. దస్త్రం చివర ఈ మూడు నగరాల వారి కోసం ఒక్కొక్క పేజీ చేర్చాను.

మార్చి, నెలాఖరు

హాక్ మౌంటెన్ పేజీ ఈ నెలతో ముగిసింది. వలస డేగలను వేటగాళ్లు కాల్చి కుప్పలు పోసిన ఈ కొండను 1934లో పక్షుల పరిరక్షణకు పోరాడిన రోజలీ ఎడ్జ్ అద్దెకు తీసుకొని అభయారణ్యంగా మార్చింది. ఒకప్పుడు ఇక్కడి చికడీలు ప్రధానంగా బ్లాక్‌క్యాప్డ్‌లే. ఇప్పుడిది కూడా సంకర ప్రాంతంలోకి వచ్చింది. కొండ కింది ఫొటోలలో మూడు లక్షణాలూ కలిసి బ్లాక్‌క్యాప్డ్ అని రాయగలిగినవి ఉన్నాయి, ఉమ్మడి గడికి పోయినవీ ఉన్నాయి. పెరటి పేజీలో ఒక్క పక్షి తప్ప మిగిలినవన్నీ కరోలినాలే. ఆ ఒక్కదాని తోక పొడవు, రెక్క తెలుపు, చెంప తెలుపు మూడూ బ్లాక్‌క్యాప్డ్‌వే. కొన్ని శీతాకాలాల్లో ఉత్తరాది బ్లాక్‌క్యాప్డ్‌లు మేత వెతుక్కుంటూ దక్షిణానికి దిగుతాయి కనుక, స్థలాన్ని బట్టి ముందే పేరు అనుకోకూడదని ఈ ఫొటోను తరగతిలో ప్రత్యేకంగా చూపించబోతున్నాను.

పెరట్లో ఒక గూటి పెట్టె కూడా బిగించాము. ద్వారం వ్యాసం సుమారు 28.5 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం, దానిపై మరో ఎనిమిదో వంతు అంగుళం. ఇందులో చికడీ దూరగలదు, హౌస్ స్పారో దూరలేదు. అడుగున అంగుళం మందాన చెక్క పొట్టు వేశాము, ఎందుకంటే చికడీలు లోపలి పొట్టును తవ్వి బయట పారబోసి చోటు చేసుకోవడానికి ఇష్టపడతాయి. ద్వారం కింద నిలబడే పుల్ల పెట్టలేదు. అది చికడీకి అవసరం లేకపోగా శత్రువులకు ఆసరా అవుతుంది. ఏప్రిల్‌లో జంట చేరితే మూడు నాలుగు రోజులకు ఒకసారి, తెల్లవారుజామున కాకుండా ఎండ ఎక్కిన తరువాత తెరిచి చూసి, గుడ్ల సంఖ్యను పక్షుల గూళ్ల వివరాలు సేకరించే నెస్ట్‌వాచ్ కార్యక్రమంలో నమోదు చేస్తాము. పిల్లలు ఎగిరే వయసుకు వచ్చాక మాత్రం పెట్టెను తెరవము, అప్పుడు తెరిస్తే అవి తొందరపడి గూడు వదిలేస్తాయి.